చదరంగమునకై దూరప్రయాణములు

మా పర్ణశాలకు వచ్చు బస్సు నిండుగా వచ్చును. భద్రాచలమున రామదర్శనము చేసికొని, సీతమ్మవారు నడచిన నేలను గూడ చూచిపోవుదమని ఏయే ఊళ్లనుండియో వచ్చు యాత్రికులు అందులోనుండి దిగుదురు. సీతవాగు ఒడ్డున పసుపుపచ్చని రాళ్లను, ఎఱ్ఱని రాళ్లను చూచి, అమ్మవారి పసుపు కుంకుమలని కన్నుల కద్దుకొందురు. వారు దిగిన ఆ బస్సులోనే, చేసంచి యొకటి, నీళ్లసీసా యొకటి, చుట్టచుట్టిన గళ్లగుడ్డ యొకటి పట్టుకొని నేనును పండ్రెండేండ్ల మా అమ్మాయియు ఎక్కుదుము. "ఎవరి పెండ్లికమ్మా?" అని అడుగుట మా వీథివారికి పరిపాటి. మొదట సిగ్గుపడి, మా పుట్టినింట శుభకార్యమని బొంకినదానను. ఇప్పుడు నిజమే చెప్పుచున్నాను: చదరంగపు పోటీకి. ఆ మాట విన్నవారి మొగము చూడవలెను. పెండ్లికి మూడువందల కిలోమీటర్లు పోయినను ఆశ్చర్యము లేదు; పేకాటకు పదిమైళ్లు పోవు మగవానిని గూర్చియు ఎవరును అడుగరు. ఆడుపిల్లను వెంటబెట్టుకొని ఆటకై రాజధానికి పోవు తల్లి మాత్రము వింత.

సోదరీమణులారా, ఆ ప్రయాణములను గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఇందులో నా గొప్ప చెప్పుకొనుట కేమియు లేదు. నేను చేసిన తప్పొకటి మాత్రము కలదు. దానిని చెప్పవలెననియే కలము పట్టితిని.

ఈ ఆటను మా యింటికి తెచ్చినది గోదావరి. 2022 జూలై నడుమ భద్రాచలమువద్ద నీటిమట్టము 71 అడుగులు దాటెను. 53 అడుగులకే కడపటి ప్రమాదసూచన యిత్తురనిన, ఆ నీరెట్టిదో ఊహించుకొనుడు. వంతెనమీద రాకపోకలు నిలిపివేసిరి. మేమును, మాతోబాటు అనేక కుటుంబములవారును మెరకనున్న యొక బడిలో తలదాచుకొంటిమి. మావారు పనిచేయు బడి కాదది. అయినను ఉపాధ్యాయులు గనుక పేర్లు వ్రాయుట, బియ్యము కొలిచి యిచ్చుట వారి పాలబడెను. ఒకనాడు ఎవరో ఆటవస్తువుల బీరువానుండి చదరంగపు పెట్టె పైకి తీసిరి. నల్ల ఏనుగు ఒకటి తక్కువ. దానికి బదులు సోడాసీసా మూత పెట్టిరి. దగ్గఱి కోయగూడెమునుండి తల్లితో వచ్చిన ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు ఆ పెట్టెముందు కూర్చుండి, రెండువైపుల తానే ఆడుకొనుచుండెను. మా పిల్లకప్పుడు తొమ్మిదేండ్లు. వాన యెడతెగక కురియుచుండెను. చూచుటకు వేఱేమియు లేదు. పోయి వాని యెదుట కూర్చుండెను. "గుఱ్ఱము రెండు గళ్లు పోయి ప్రక్కకు తిరుగును. అడ్డమున్నవారిమీదనుండి దూకును" అని వాడు చెప్పుట నాకు వినబడెను.

నీరు తీసినపిమ్మట ఇంటికి పోయి చూతుము గదా, గోడలకు నిలువెత్తు బురద. నా పుట్టినింటినుండి తెచ్చుకొన్న భారతము, భాగవతము తడిసి ముద్దలైయున్నవి. నేను వానిని ఒడిలో పెట్టుకొని యేడ్చుచుండగా పిల్ల వచ్చి, "అమ్మా, మనము చదరంగము కొనుక్కొందమా?" అనెను. నాకు కోపము వచ్చినమాట నిజము.

ఆ నెలాఖరుననే చెన్నపట్టణమునకు చేరువ మామల్లపురమున చదరంగపు ఒలింపియాడ్ ఆరంభమయ్యెను. గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక నిండుచూలాలై భారత స్త్రీల జట్టులో ఆడెను. జట్టునకు కంచుపతకము వచ్చెను; ఆగస్టు నెలలోనే ఆమెకు ఆడుబిడ్డ కలిగెను. మావారు పత్రికలో ఆమె బొమ్మను చూపిరి. మా అత్తగారు దానిని చాలసేపు చూచి, "తొమ్మిదో నెలలో కూర్చుండి ఆడనిచ్చిరా! మంచి అత్తవారే" అనిరి. ఆ వారమే చదరంగము కొంటిమి. బురద కడిగిన నేలమీద, ఇంకను తడియారని గోడల నడుమ, మా యింట మొదటి ఆట జరిగెను.

నేను బడికి పోయి చదివినదానను కాను. మా తాతగారు ఇంటనే అమరము, భారతము, భాగవతము, కొంత సంస్కృత కావ్యమును చెప్పిరి. ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాల్బలము అను నాలుగంగములు గల సేన పేరే ఈ యాటకు పేరైనదని నాకు తెలియును. ఏడవ శతాబ్ది బాణభట్టు తన హర్షచరితమున చతురంగమును పేర్కొనెననియు తెలియును. ఏ బలము ఎటు పోవునో మాత్రము తెలియదు. విలియం జోన్స్ దొర 1790లో అచ్చయిన తన వ్యాసమున ఒక కథను చెప్పెను: శ్రీరాముడు లంకను ముట్టడించియుండగా రావణునికి ప్రొద్దుపుచ్చుటకై అతని భార్య ఈ యాటను కల్పించెనట. వాల్మీకమున ఇది లేదు. అయినను పర్ణశాలలో కాపురముండుదానను గనుక ఆ కథ నన్ను విడువలేదు. ఈ నేలనుండి సీతమ్మను ఎత్తుకొనిపోయినవాని యిల్లాలు, చెప్పినమాట వినని మగని యెదుట బొమ్మల సేనలను నిలిపి, యుద్ధమనిన ఇట్లుండునని చూపదలచినదేమో! ఇంకొక ముచ్చట గలదు. పూర్వము మంత్రి ఒక్కగడి మాత్రమే ఐమూలగా నడచెడివాడట. పదునైదవ శతాబ్ది చివర యూరపువారు ఆ బొమ్మకు ఎల్లదిక్కుల ఎంతదూరమైనను పోవు బలమిచ్చిరి. వారికది రాణి. మన తెలుగున మాత్రము ఇప్పటికిని మంత్రియే. మా అమ్మాయికి ఈ సంగతి చెప్పగా, "పేరేదైన నేమి, పోవలసినదారి పోవుచున్నది గదా" అనెను.

ఆ ఖండమున చదరంగమునుండియే పెద్ద యుద్ధక్రీడలును పుట్టినవి. 1780లో బ్రన్స్విక్ నగరపు హెల్విగ్ అను పండితుడు గళ్లను విస్తరింపజేసి అందు కొండలను నదులను చేర్చెను. 1824లో ప్రష్యా సైనికోద్యోగి రైస్విట్జ్ అచ్చొత్తించిన నియమములతో అచటి సేనానులు బల్లపై పటములు పఱచి యుద్ధము నభ్యసించిరి. 1913లో వెల్స్ అను ఆంగ్లరచయిత బొమ్మసిపాయీల యుద్ధమునకు ఒక పుస్తకమే వ్రాసెను. నేడు ఆ దేశములలో వ్రేలెడు బొమ్మలకు తామే రంగులు వేసి, పెట్టెలలో మెత్తలనడుమ భద్రపఱచుకొని, పోటీలకై ఊళ్లు దాటి పోవువారు కలరు. మావారు ఆ చిత్రములు చూపినపుడు, మావంటివారు అంతటను కలరని నాకు కొంత ధైర్యము కలిగెను. మా సేన కేమి? ముప్పదిరెండు బొమ్మలు. గుడ్డసంచిలో పట్టును.

పిల్ల రెండేండ్లలో మా మండలమున తనతోటివారినందఱను గెలిచెను. ఇక పెద్దపోటీలకు తీసికొనిపోవలెననిరి. తీసికొనిపోవువారెవరు? మావారికి సెలవు దొరకదు. పరీక్షలనియు, శిక్షణలనియు, ఎన్నికల పనియనియు ఏదో యొకటి యుండును. నేను అదివఱకు భద్రాచలము దాటి ఒంటరిగా పోయినదానను కాను. మా అత్తగారు, "సీతమ్మ గీత దాటినచోటనే కాపురముండి నీవు గీత దాటెదవా?" అనిరి. అత్తగారికి ఎదురు చెప్పుట నాకలవాటు లేదు. అయినను, వాల్మీకి రామాయణమున లక్ష్మణుడు గీత గీచినకథ లేనేలేదని మెల్లగా చెప్పితిని. "లేదా?" "లేదండీ, తరువాతివారు చెప్పినది." ఆమె కొంతసేపు ఊరకుండి, "సరే, దుప్పటి తీసికొనిపొమ్ము. రాత్రి బస్సులో చలివేయును" అనిరి.

మా యింటినుండి భద్రాచలమునకు 35 కిలోమీటర్లు. అచటినుండి ఖమ్మము, ఖమ్మమునుండి హైదరాబాదు. అంతయు కలిసి సుమారు 340 కిలోమీటర్లు. కొత్తగూడెముననున్న భద్రాచలం రోడ్డు స్టేషనులో రైలెక్కిన నడుము వాల్చుకొనవచ్చును గాని, మేము బస్సునే నమ్మితిమి. దానికి కారణము కలదు. 2023 డిసెంబరు 9 మొదలు తెలంగాణమున ఆడువారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో టిక్కెట్టు డబ్బు లేదు. గుర్తింపుకార్డు చూపినచో కండక్టరు సున్న రూపాయల టిక్కెట్టు చించి యిచ్చును. ఆ సున్న లేకున్న మా పిల్ల చదరంగము ఖమ్మమువద్దనే ఆగిపోయియుండెడిది. రెండుచోట్ల బస్సు మాఱవలెను. తఱచుగా నిలువబడి పోవలెను. ఒకమాఱు పాల్వంచవఱకు పిల్లను నా సంచిమీద కూర్చుండబెట్టితిని. ఆ కుదుపులోనే కండ్లు మూసికొని మనస్సులో ఆట ఆడుకొనుచుండెడిది. ప్రక్కనున్న ముసలమ్మ, "పిల్లకు దయ్యము పట్టినదా, పెదవులు కదుపుచున్నది" అని నన్నడిగెను.

తినుటకు మొదటిదినమునకు పులిహోర, పిమ్మట సున్నుండలు, కారప్పొడి, నెయ్యి. అన్నము వండుటకు చిన్న కరెంటు కుక్కరు. ఇది నేను కనిపెట్టినది కాదు. ప్రజ్ఞానంద, వైశాలి అను అన్నాచెల్లెండ్రవంటి ఆ అక్కాతమ్ములను దేశదేశములకు తీసికొనిపోవు తల్లి నాగలక్ష్మిగారు కుక్కరును, పొయ్యిని వెంట గొనిపోయి రసము అన్నము వండిపెట్టుదురని పత్రికలలో చదివితిని. 2023లో బాకు నగరమున కుమారుడు ప్రపంచకప్పు ఆడుచుండగా ఆమె ఒకప్రక్క నిలిచి చూచుచున్న ఛాయాచిత్రము మీరును చూచియుందురు. ఆ కన్నులలో ఏమున్నదో మా వరండాలోని తల్లులందఱకు తెలియును.

వరండా యనిన చెప్పవలెను. ఆటశాలలోనికి తల్లిదండ్రులను రానీయరు. సెల్‌ఫోను లోనికి పోగూడదు. మొదటి కొన్ని నిమిషములు ఫొటోలు తీసికొననిచ్చి, పిమ్మట ఆర్బిటరుగారు మమ్మందఱను బయటికి పంపి ద్వారమునకు అడ్డముగా త్రాడు కట్టుదురు. మా అత్తగారు చెప్పిన గీత అదియే గాబోలు. మేము ఈవల, పిల్లలు ఆవల. ఒక్కొక్క ఆట మూడుగంటలు, నాలుగుగంటలు. ఆ వరండాలో నేలమీద దుప్పట్లు పఱచుకొని కూర్చుండువారిలో బ్యాంకుద్యోగినులు కలరు, వ్యవసాయము చేయువారు కలరు, కుమారునికి తోడువచ్చిన నాయనమ్మలు కలరు. ఒకామె కుట్టుపని తెచ్చుకొనును. ఒకామె లలితాసహస్రము చదువుకొనును. తలుపు తెఱచిన చప్పుడైనప్పుడెల్ల అందఱ తలలును ఒక్కమాఱుగా తిరుగును. బిడ్డ మొగము చూచిన చాలును, ఫలితమడుగ నక్కఱలేదు.

ఈ పోటీలలో నాకు నచ్చినదొకటి కలదు. ఓడినవారిని ఇంటికి పంపరు. స్విస్ పద్ధతియందురు, 1895లో జ్యూరిక్ నగరమున మొదలయ్యెను. గెలిచినవాడు గెలిచినవానితో, ఓడినవాడు ఓడినవానితో తరువాతి ఆటలో తలపడును. తొమ్మిది ఆటలుండిన తొమ్మిదియు ఆడవలసినదే. కావున ఓడిపోయిన పిల్ల ఆ సాయంకాలమే మఱల బొమ్మలముందు కూర్చుండవలెను. ఆ నడుమనుండు రెండుగంటలును తల్లిచేతిలోనుండును. అచటనే నేను తప్పుచేసితిని.

అది 2025 సంక్రాంతి సెలవులు. హైదరాబాదులో అయిదుదినముల పోటీ. ముగ్గులుపెట్టు వేళకు మేము ఊరిలో లేకుండుట అత్తగారికి కష్టముగానుండెను; నాకును ఉండెను. మొదటి ఆట ఓడి, తరువాతి రెండు గెలిచెను. నాలుగవ ఆట మూడవనాటి ఉదయము. రెండుగంటలు దాటినపిమ్మట నీరు త్రాగుటకు బయటికి వచ్చిన యొక పిల్లవాడు, "మీ అమ్మాయికి గుఱ్ఱము ఎక్కువ, గెలిచినట్లే" అని చెప్పిపోయెను. నేను లేచి నిలువబడితిని. అరగంటకు పిల్ల వచ్చెను. మొగము పాలిపోయియుండెను. ఈ ఆటలో ముట్టిన బొమ్మను కదపవలెనని నియమము. గుఱ్ఱమును తీయబోయి, చేయి తొందరపడి మంత్రిని ముట్టెనట. మంత్రిని ఎటు కదపినను పోవునే. పోయెను.

నేనేమంటినో వ్రాయుటకు చేయి ఆడకున్నది. "చేయి ఒకచోట, బుద్ధి ఒకచోట! ఇందుకా రాత్రియంతయు నిలువబడి వచ్చితిమి? పండుగ విడిచి, వేలు పోసి, ఇందుకా?" అంటిని. అందఱయెదుట అంటిని. లలితాసహస్రము చదువుకొనుచున్న ఆమె పుస్తకము మూసి తల ప్రక్కకు త్రిప్పుకొనెను. పిల్ల యేడ్వలేదు. అన్నము కలిపి పెట్టితిని, తినెను. సాయంకాలము అయిదవ ఆటకు పోయి పదునైదు నిమిషములకే తిరిగివచ్చెను. "ఏమి?" అంటిని. "డ్రా. నేనే అడిగితిని, ఆ అమ్మాయి ఒప్పుకొనెను" అనెను. సరిసమానమైన దంతయు అర మార్కు గదా, ఓడలేదు గదా యని నేను సంతోషించితిని. ఎంత మూఢురాలను!

ఆ రాత్రి లాడ్జిలో పిల్ల నిద్రపోయినపిమ్మట సంచి సర్దుచుండగా ఎత్తులు వ్రాసికొను పుస్తకము చేతికి తగిలెను. ఊరక త్రిప్పితిని. కడపటి పుటలో పెన్సిలుతో లెక్క వ్రాసియుండెను.

ప్రవేశరుసుము 2,000. గది మూడుదినములు 2,700. ఆటో 420. భోజనము, పాలు 690. బస్సు 0. మొత్తము 5,810. దానిక్రింద, గెలుపులు 2. దానిక్రింద భాగహారము చేసి, ఒక గెలుపు ఖరీదు 2,905 అని వ్రాసి, చుట్టును గీతగీచి యుంచెను.

నేను ఆ పుటను చాలసేపు చూచితిని. అంకెలు ఎక్కడను తప్పులేదు. మాస్టరుగారి కూతురు గదా. పదునైదు నిమిషములలో డ్రా యేల అడిగెనో అప్పుడు తెలిసినది. ఓడిన ఖరీదు పెరుగును, ఆడకున్న పెరుగదు. భారతమున జూదమాడినవారి కథను ఎన్నిమాఱులు చదివితినో లెక్కలేదు. ఓడిన ధర్మరాజును తప్పుపట్టుట సులువు. బిడ్డను పందెముగా ఒడ్డి, ఒడ్డితినని తెలియక కూర్చున్న నన్ను నేనెప్పుడును అందులో చూచుకొనలేదు.

తెల్లవాఱుజామున పిల్లను లేపి, "నాకు నేర్పుము" అంటిని. "ఇప్పుడా?" అని కన్నులు నులుముకొనెను. మంచముమీద గళ్లగుడ్డ పఱచితిమి. ఏడెత్తులలో నా రాజును పట్టెను. మఱల పెట్టితిమి, పదునొకటవ యెత్తున పట్టెను. మూడవ ఆటలో నేను ఏనుగును పట్టుకొని, అయ్యో కాదని విడువబోతిని. "ముట్టినది కదపవలెనమ్మా" అని పిల్ల మెల్లగా అనెను. నా చెవులు వేడెక్కెను. నా ముప్పదియాఱేండ్ల వయస్సున, ఎవరును చూడని గదిలో, నా కన్నబిడ్డయెదుట, కఱ్ఱబొమ్మ యొకటి పోయినందులకు నా గొంతు పట్టుకొనిపోయెను. ఇంక ఆ పెద్దశాలలో, వంద బల్లలనడుమ, పోయిన మంత్రివెనుక అరగంట కూర్చుండి ఆడి, ఓటమి యొప్పుకొని చేయి కలిపి, కాగితముమీద సంతకముచేసి, బయటికి వచ్చి నా మాటలు విన్న పిల్ల సంగతి?

"నేను నిన్న అనిన మాటలు తప్పు" అంటిని. తల్లులు బిడ్డలయెదుట ఇట్లనుట మా యిండ్లలో లేదు. మా అమ్మ నాతో ఎన్నడును అనలేదు. పిల్ల బొమ్మలు సర్దుచు, "డబ్బులు నిజముగా అయినవి గదా అమ్మా" అనెను. అయినవి. ఆ మాటకు బదులు చెప్పలేకపోతిని. పుస్తకమును తీసికొని, ఆ కడపటి పుటలో క్రింద, "నాన్నగారు, అమ్మ ఇచ్చినది; లెక్క అడుగబడదు" అని వ్రాసి నా పేరు సంతకము చేసితిని. ఆమె చదివి, నవ్వి, "ఆర్బిటరు సంతకము గూడ కావలెను" అనెను.

ఆరవ ఆట ఓడిపోయెను. కాని మూడుగంటల నలువది నిమిషములు ఆడి ఓడిపోయెను. ఏడవది డ్రా, ఎనిమిదవది గెలుపు, తొమ్మిదవది ఓటమి. తొమ్మిదింట నాలుగు మార్కులు. బహుమతి లేదు, పతకము లేదు. తిరుగు బస్సులో సూర్యాపేట దాటునప్పటికి నా భుజముమీద తలపెట్టి నిద్రపోయెను. ఈ మాఱు పెదవులు కదలలేదు.

ఆ జూలైలో జార్జియా దేశపు బటూమి నగరమున స్త్రీల ప్రపంచకప్పు తుదిపోరులో ఇద్దఱును మన దేశపు స్త్రీలే నిలిచిరి. ఒకరు నాగపూరు పిల్ల దివ్యా దేశ్‌ముఖ్, పందొమ్మిదేండ్లు. ఒకరు మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి. హంపి చిన్ననాట తండ్రి అశోక్ గారు అధ్యాపకపదవిని విడిచి ఆమెకు ఆట నేర్పిరి. 2002లో పదునైదేండ్లకే గ్రాండ్‌మాస్టరయ్యెను. 2017లో తల్లియైనపిమ్మట మఱల ఆటకు వచ్చి, 2019లోను 2024లోను ప్రపంచ రాపిడ్ పోటీ గెలిచెను. బటూమిలో మాత్రము దివ్య గెలిచెను. మా పిల్ల ఫలితము చూచి చాలసేపు ఆలోచించి, "ఆమె ఓడి యింటికి పోయిన, ఆమె కూతురు కోపపడునా?" అని నన్నడిగెను. నన్ను వెక్కిరించుటకే యడిగినదో, నిజముగా అడిగినదో నాకు తెలియలేదు. "కోపపడదు" అంటిని. "అవును" అని పోయెను.

బడిలో సోడామూతతో ఆడిన ఆ పిల్లవానిమాట చెప్పకున్న ఈ వ్యాసము సగమే. వాడు మా పిల్లకంటె ఎన్నోరెట్లు మేలుగా ఆడును. 2024లో ఒకమాఱు ఖమ్మములో ఒక్కదినపు పోటీకి మాతో తీసికొనిపోతిమి. ఆడువారికి సున్న టిక్కెట్టు. వానికి పూర్తి టిక్కెట్టు. మావారు ఇచ్చిన డబ్బుతో కొంటిని. ఆనాడు వానికి ఆఱింట అయిదు మార్కులు వచ్చెను. తరువాతి పోటీ అయిదుదినములు, హైదరాబాదు. వాని తల్లి వేసవిలో తునికాకు కోయును, తక్కినదినములలో కూలికి పోవును. ఆమె ఆ అయిదుదినములు వరండాలో కూర్చుండగలదా? "నీవు తీసికొనిపో అమ్మా, నమ్మకమే" అనెను. కాని పరీక్షలు వచ్చినవి, మఱియొకమాఱు ప్రవేశరుసుము గడువు దాటినది, ఇంకొకమాఱు మా చేతిలోనే డబ్బు లేకపోయెను. నిజము చెప్పవలెననిన, మా పిల్లకైనచో అప్పుచేసి పోయియుందుము. అది నాకును తెలియును, వానికిని తెలియును. వాడు ఒక్కనాడును ఆ మాట యెత్తలేదు.

2025లో వాడు పదవతరగతి పాసై ఖమ్మములో ఇంటరు చదువుటకు చేరెను. ఆ యేటి దసరా సెలవులలో మేము మఱల హైదరాబాదు బయలుదేఱితిమి. ఖమ్మము బస్టాండులో బస్సు మాఱుటకు ముప్పావుగంట వ్యవధి యుండెను. ముందుగా ఫోను చేసియుంటిమి గనుక వాడు వచ్చి, నాలుగవ ప్లాట్‌ఫారము సిమెంటు బల్లమీద కూర్చుండియుండెను. మీసము వచ్చుచున్నది. నాకు నమస్కరించి, సున్నుండ తీసికొని, "ఏదీ, సంక్రాంతి ఆటలు చూపుము" అని మా పిల్ల చేతినుండి పుస్తకము లాగుకొనెను. ఒక్కొక్క ఎత్తును మనస్సులోనే ఆడుచు పుటలు త్రిప్పెను. నాలుగవ ఆటవద్ద ఆగి, "ఇచట మంత్రి పోకున్నను నీవు గెలువవు. బంటును రెండెత్తులకు ముందే తోయవలసినది" అనెను.

"గెలువనా?" అని పిల్ల త్రుళ్లిపడెను.

"గెలువవు. చూడుము."

సంచినుండి గళ్లగుడ్డ పైకి వచ్చెను. ఆ సిమెంటు బల్లమీద ఇద్దఱును బొమ్మలు పేర్చిరి. చుట్టును నలుగురు చేరిరి. నాకు ఇప్పుడు ఏ బొమ్మ ఎటు పోవునో తెలియును గనుక నేనును వంగి చూచితిని. వాడు చెప్పినది నిజమే. అంతలో మా బస్సు వచ్చెను. కండక్టరు ఈల వేసెను. పిల్ల తలయెత్తక, "అమ్మా, తరువాతి బస్సు ఎప్పుడు?" అనెను.

"అరగంటకు" అంటిని. సంచి దించి బల్లచివర కూర్చుంటిని.